అమ్మ రుచి చూడని పంది కూర

మా చిన్నప్పుడు... సీతాఫల్‌మండిలో ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ మంచి చీర మార్చుకుని పెరట్లో కుంపటి రాజేసేది. పంది మాంసానికి వేరే గంజు, వేరే గరిటె. అవి వంటింటి గడప దాటేవి కావు... పెరటి గోడకు కొట్టిన మేకు మీదే వాటి కాపురం.

అమ్మది గుంటూరు వైపు. వాళ్ళింట్లో అందరూ విశ్వాసులే గానీ పంది మాంసం మాత్రం ముట్టరు. నాన్న సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగాడు... అది లేనిదే ఆయనకు ఆదివారం కాదు. పెళ్ళప్పుడు అమ్మమ్మ మాట తీసుకుందట, వండిపెట్టు గానీ నోట పెట్టకు అని. అమ్మ ఆ మాట మీదే నిలబడింది.

నాన్న బేగంపేటలో ఒక హోటల్లో స్టోర్ కీపర్. విమానం దిగిన రకరకాల దేశాల వాళ్ళు అక్కడ బస చేసేవారు. వాళ్ళకు ఏం వండుతున్నారో వంటవాళ్ళను అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మకు కథలా చెప్పేవాడు. చైనావాళ్ళు తియ్యగా, పుల్లగా చేస్తారట... జర్మనీవాళ్ళు పులిసిన క్యాబేజీతో కలిపి ఉడికిస్తారట... పోర్చుగీసువాళ్ళు గోవాకు నేర్పిన విందాలూలో సిర్కా, అదే వెనిగర్, పోస్తారట...

అమ్మ చూసినవీ కాదు, తిన్నవీ కాదు. అయినా విన్నది విన్నట్టు వండేసేది. సిర్కాకు బదులు చింతపండు. చైనా తీపికి బెల్లం. జర్మనీ క్యాబేజీకి పులుపు కావాలంటే ఉండనే ఉంది గోంగూర... ఏ దేశం కూరైనా మా పెరట్లోకి వచ్చాక గుంటూరు కారానికి దణ్ణం పెట్టాల్సిందే! ఆ గోంగూర జర్మనీ కూర ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. జర్మనీ వెళ్ళినా దొరకదు.

మసాలా వేగిందో లేదో, ముక్క ఉడికిందో లేదో అమ్మ వాసన చూసి చెప్పేసేది. కానీ ఉప్పుకు వాసన ఉండదు కదా... ఎక్కువైతే తీయలేమని భయంభయంగా వేసేది. గరిటెలో ఒక ముక్క, కాస్త పులుసు తీసి, ఊది, నాన్న అరచేతిలో పోసి ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేది. అంత పొగలో అంతసేపు కూర్చున్నది ఆయన నోటి నుంచి వచ్చే ఆ ఒక్క మాట కోసమే.

"మంచిగున్నది. ఉప్పు సుత కరెక్ట్," అనేవాడు నాన్న.

అప్పుడు చూడాలి అమ్మ మొహం...

నిజానికి కూర ఎప్పుడూ చప్పగానే ఉండేది. అమ్మ తన పప్పుచారు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళగానే నాన్న జేబులోంచి చిన్న పొట్లం తీసి, దొంగలా అటూ ఇటూ చూసి, మా కంచాల అంచున చిటికెడు ఉప్పు పెట్టేవాడు. ఆ సంగతేదో అమ్మకే చెప్పేయొచ్చు కదా అని అక్క ఒకసారి గొణిగింది.

"తాను తినని కూరకు గంత తక్లీఫ్ పడ్తది బిడ్డా. ఉప్పు మాట జెప్పి ఆమె మనసు ఎట్ల చిన్నబుచ్చుతం?" అన్నాడు.

నేను కాలేజీలో ఉండగా నాన్న పోయాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు కుంపటి వెలగలేదు. గంజు మేకు మీదే దుమ్ము పట్టిపోయింది. మేమూ అడగలేదు.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం అమ్మే దాన్ని దించి తోమింది. నాన్నకు ఇష్టమైన విందాలూ వండింది. గరిటెలో ముక్క తీసి, ఊది... అలవాటుగా పక్కకు తిరిగింది. నేను గబుక్కున చెయ్యి చాచాను. అమ్మ నా చేతిలో పోయలేదు.

"మా అమ్మకు నేను చెప్పుకుంటాలే," అని ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది.

చాలాసేపు నమిలింది. ఇంత చప్పటి కూర తిని మంచిగుందన్నారా ఆ మనిషి, అంది. అక్క ఇక ఆగలేక ఉప్పు పొట్లం సంగతి చెప్పబోయింది.

"తెలుసులేవే. కంచాలు కడిగేది నేనే కదా... అంచున ఉప్పు కనబడేది."

మరి నాన్నను ఎప్పుడూ అడగలేదేం అన్నాను.

"అడిగితే ఆ మాట అనడం మానేస్తారు కదే," అంది.

ఆ రోజు అమ్మ కూరలో ఉప్పు కలపలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి, మా కంచాల అంచున చిటికెడు చిటికెడు పెట్టింది. మేం ముగ్గురం ఏడుస్తూనే తిన్నాం.

ఇప్పుడు అల్వాల్‌లో మా ఫ్లాట్‌కు ఫోన్ నొక్కితే చాలు, ఏ దేశం పోర్కైనా డబ్బాలో వేడివేడిగా వచ్చేస్తుంది. సిర్కా సిర్కాలాగే ఉంటుంది, సాస్ సాస్‌లాగే ఉంటుంది. నాకే ఏదో వెలితి... అమ్మా లేదు, ఆ గంజూ లేదు.

మీ ఇంట్లోనూ ఇలా గరిటె ముందు చెయ్యి చాచి నిలబడే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషి ఏమనేవారో రాయండి, చదువుకుంటాను. నా కూరలో ఇప్పుడు ఉప్పు సరిగ్గానే పడుతోంది... మంచిగున్నది అని అబద్ధమాడేవాళ్ళే లేరు.