గుండయ్యకు ఉపగ్రహం కట్టిన ఇల్లు

యాభై రెండేళ్లు వచ్చినా గుండయ్యకు సొంత ఇల్లు లేదు. రాయికోడ్ నుంచి జహీరాబాద్ వచ్చి, చెరుకు ట్రాలీలకు వెల్డింగ్ చేస్తూ ముప్పై ఏళ్లుగా అద్దె గదుల్లోనే ఉన్నాడు. ఇప్పుడు మా పక్క గదిలో. ఊరి చివర కాస్త జాగా ఉంది. అందులో ఇంటి కోసం సర్కారుకు దరఖాస్తు పెడితే, "ఈ జాగాలో ఇప్పటికే ఇల్లు ఉన్నది" అని తిరిగొచ్చింది. జాబితా నెలాఖరుకు మూసేస్తారు.

ఆ ఇంటిని కనిపెట్టిన మేధావి పృథ్వీరాజ్. సర్కారుకు సర్వే చేసిపెట్టే కంపెనీలో ఉద్యోగి, ఎమ్మెస్సీలో నా సహపాఠి. అప్పట్లో ప్రయోగం చేయకుండానే రికార్డులో రీడింగులు నింపేవాడు. ఇప్పుడు, వానాకాలం మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహం బొమ్మలతో ఎవరి జాగాలో ఇల్లుందో తేలుస్తున్నాడు.

జ్వరం తగ్గీ తగ్గని మా పాపకు టోపీ పెట్టి, చంకనేసుకుని, గుండయ్యతో అతగాడి ఆఫీసుకు వెళ్లాను. తెర మా వైపు తిప్పాడు. నల్లటి నేల మీద మూడు మెరిసే చుక్కలు.

"మా ప్రోగ్రామ్ చుక్కలు కలిపి ఆకారం తీస్తది. ఇగో గోడ, ఇగో కప్పు."

"అది నా పాత ట్రాలీ సార్," అన్నాడు గుండయ్య.

"ట్రాలీ గింత మెరుస్తదా?"

మెరవకేం? నున్నటి నేల రాడార్ తరంగాన్ని అవతలికి జార్చేస్తుంది. ఇనుప పలకలు నిటారుగా కలిసిన మూల దాన్ని వచ్చిన దారినే తిప్పికొడుతుంది. ఇది మొదటి పాఠం. చెప్పాను.

"పాప పుట్టినంక సైన్స్ మర్చిపోయినవా, త్రివేణీ?" అని నవ్వాడు.

"జర వచ్చి చూడున్రి సార్. బండి మీద తీస్కపోత."

"జాగలు తిరుగుడు మా పని కాదు."

జాగా అతగాడి కుర్చీకి రెండు కిలోమీటర్లు.

ఆ సాయంత్రమే ట్రాలీని అక్కడి నుంచి లాగించాం. ఉపగ్రహం మళ్లీ రావడానికి పన్నెండు రోజులు. ఎవరైనా అక్కడ రేకు ముక్క పడేస్తారేమోనని రోజూ పాపను ఎత్తుకుని వెళ్లి చూసొచ్చాను.

కొత్త బొమ్మలో చుక్కలు లేవు. తప్పొప్పుకుంటే పృథ్వీరాజ్ ఎందుకవుతాడు? "ఇల్లు తొలగించబడినది. జాగా ఖాళీ" అని టైపు చేసి ముద్ర కొట్టాడు.

నేను నోరు తెరవబోతే గుండయ్య ఆపాడు.

"ఊకో బిడ్డా. ఖాళీ అని రాసిండు గద, చాలు." కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు.

"సార్, ఒక్క ముచ్చట. ఇల్లు కూలగొట్టేటప్పుడు నా సామాన్లు బయట పెట్టిన్రా?"