పసరు మందు దారి

హన్మకొండ చౌరస్తాలో పాండురంగానిది స్టీలు సామాన్ల దుకాణం. బిందెలకు వచ్చేవాళ్ల కంటే పచ్చకామెర్లకు పసరు పోసే మనిషి ఊరు అడగడానికి వచ్చేవాళ్లే ఎక్కువని బజారంతా నవ్వుకునేది. చిన్నప్పుడు తనకు కామెర్లైతే స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఒక పల్లెలో పసరు తాగి, ఉప్పు లేని తిండి తిని లేచి తిరిగాడు. అప్పటినుంచి ఎవరి కళ్లు పచ్చబడినా పిలిచి మరీ దారి చెప్పి పంపేవాడు. నయమైనవాళ్లు మిఠాయి డబ్బాతో వచ్చేవారు. పాపం, ఆయనకు ఆ మిఠాయి కన్నా వాళ్ల మాటే తీపి.

పోయిన వానాకాలం భార్య లక్ష్మీనర్సమ్మకే కామెర్లు వచ్చాయి. కళ్లారా చూసినదాన్ని ఎవరు నమ్మరు? పసరే పోయించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చివరికి దవాఖానకు పరుగెత్తాడు కానీ ఆమె దక్కలేదు.

అన్న కూతురు నవ్య సుబేదారిలో ఉండి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. దిగులుతో చిక్కిపోతున్న బాబాయిని ఒక ఆదివారం బలవంతంగా సినిమాకు తీసుకెళ్లింది. తీరా చూస్తే అందులో హీరో యంత్రమెక్కి గతంలోకి పోయి, చనిపోయిన చెల్లెల్ని బతికించుకున్నాడు. హాలంతా ఈలలు. పాండురంగం మాత్రం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతూ అడిగాడు.

“గట్ల ఎనుకకు పోవచ్చునా బిడ్డా?”

“కాయితం మీద లెక్కలల్ల కుదురుతదంటరు బాబాయ్. కని ఎవ్వలు పోయి చూపియ్యలే. చూపిచ్చేదాంక అది సినిమానే.”

ఆయన అసలు అడగాలనుకున్నది అది కాదు.

“మీ చిన్నమ్మను ముందుగాల్నే దవాఖానకు తోల్కపోతే బతుకుతుండెనా?”

ఒక్క అబద్ధం ఆడితే ఆయన మనసు కుదుటపడేది. ఆ పిల్లకు అది చేతకాదు.

“తెల్వది బాబాయ్. ఒక్క మనిషితోని రెండుసార్లు చేసి చూడలేం కదా. ఒక్కల్ని చూసి ఏం చెప్పరాదు, అందర్ని చూడాలె.”

“అందరికి నయమైంది బిడ్డా. వాళ్లే వచ్చి చెప్పిన్రు.”

“మళ్ల రానోళ్లు? వాళ్ల సంగతి ఎన్నడన్న అడిగినవా?”

అనేసి నవ్య నాలుక కరుచుకుంది. అప్పటికే పాండురంగానికి పాలంపేట నర్సయ్య గుర్తొచ్చాడు. ఎన్నో ఏళ్ల గిరాకీ. ఇంట్లో ఏ పెళ్లయినా సామాను ఇక్కడే కొనేవాడు. ఒకసారి కొడుక్కు కామెర్లని వస్తే, పథ్యం సంగతి కూడా చెప్పి పంపాడు. ఆ తర్వాత నర్సయ్య మళ్లీ దుకాణం మెట్లెక్కలేదు. చౌరస్తాలో ఎదురుపడితే తల తిప్పుకుని పోయాడు. విశ్వాసం లేని మనిషని పాండురంగం ఆ రోజంతా తిట్టుకున్నాడు.

ఇప్పుడు గ్లాసు కింద పెట్టి, ఆడపిల్ల ముందని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

“నా తాన సామాను పిరమని, అగ్గువకిచ్చే ఇంకో దుకాణం పట్టిండు అనుకున్న బిడ్డా. ఆ పిలగాడు ఏమైండని ఒక్కనాడన్న అడగకపోతి.”