మెడ వెనకాల మహాసముద్రం

వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కాలేజీ అని పిలుస్తారు. యాభై దాటాక డిగ్రీలో చేరిన మనిషిని మరేమంటారు? వెక్కిరింతగా మొదలై అదే పేరుగా స్థిరపడిపోయింది. అన్ని పరీక్షలూ గట్టెక్కాడు గాని ప్రపంచ చరిత్ర ఒక్కటే కొరకరాని కొయ్యగా మిగిలింది. అందులోనూ ప్రపంచీకరణ అధ్యాయం మరీను. రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే, నిబంధనల ప్రకారం పాసైన పరీక్షలు కూడా చెల్లవు. మళ్ళీ మొదటికి రావాలి.

అయినా ఆయన ముఖంలో దిగులు వెతికినా దొరకదు. కొత్త సంగతి ఏది తెలిసినా కడుపులో దాచుకోలేడు, కుర్చీలో కూర్చున్నవాళ్ళకి చెప్పి తీరాల్సిందే. మెడ చుట్టూ గుడ్డ కట్టేశాక వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? గడ్డానికి వచ్చినవాళ్ళకి ఐదు మార్కుల ప్రశ్న, జుట్టుకి వచ్చినవాళ్ళకి పదిహేను మార్కుల వ్యాసం. తొందరలో ఉన్నవాళ్ళు పక్క వీధి సెలూన్‌కి పోతున్నారని భార్య సణుగుతుంది. పోతే పోనీ అంటాడు, వాళ్ళకి ఆవిరి ఓడల గురించి తెలియకుండా పోతుంది, అంతే కదా.

పరీక్ష రేపనగా పొద్దున్న కూతురు పెద్ద చిక్కు విప్పింది. వెండి వ్యాపారం ప్రశ్నకి ఈయన ఎప్పుడూ సగం జవాబే రాస్తున్నాడు. ఆ పిల్ల గోడ మీది ప్రపంచ పటాన్ని ఊడదీసి, గొట్టంలా చుట్టి, రెండు అంచులూ కలిపి చూపించింది.

"చూశావా నాన్నా, గోడ మీదేమో ఈ సముద్రం రెండు ముక్కలై రెండు చివర్లా పడి ఉంటుంది. చుడితే అమెరికాకి ఇటుపక్క ఆసియానే."

ఆయనకి ఒళ్ళు పులకరించింది. కాఫీ కూడా తాగకుండా సెలూన్‌కి పరిగెత్తాడు. ఎవరికి చెప్పాలా అని గుమ్మంలో నిలబడి ఉండగా బావమరిది దొరికాడు.

బావమరిది బస్సు డ్రైవరు. మెడ మీద వంపు తిరిగే జుట్టంటే అతనికి ప్రాణం. బస్సు ఆగిన చోటల్లా దువ్వెన బయటికి వస్తుంది.

"గడ్డం మాత్రమే బావా. జుట్టు ముట్టుకోకు."

"ముట్టుకోనులే, కదలకు. నీ తల భూగోళం అనుకో. ఈ కుడి చెంప అమెరికా. ఇక్కడ గనుల్లో వెండి తవ్వారు." కత్తి నురగలోంచి గడ్డం మీదికి దిగింది. "ఇలా ఐరోపాకి వచ్చింది. అక్కడి నుంచి ఆఫ్రికా కొన చుట్టి, ఇదిగో, ఈ ఎడమ చెంపకి, చైనాకి. ఇంతవరకే రాసి రెండుసార్లు తప్పాను."

"మరి ఇంకేం ఉంది?"

"అసలుది ఉంది. ఇంకో ఓడ ఇటు రానే రాలేదురా. వెనకనుంచి పోయింది."

చేతిలోకి జుట్టు కత్తిరించే మిషను ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. కుడి చెవి వెనక బయలుదేరిన ఓడ మెడ మీదుగా పసిఫిక్ దాటి, ఎడమ చెవి దాపుల్లో ఫిలిప్పీన్స్ దగ్గర కాసేపు ఆగి, చైనా చేరింది. ఒళ్ళు మరిచిపోయి "చేరింది" అని గట్టిగా అన్నాడు కూడా. అప్పుడు చూశాడు, నేల మీద వంపు తిరిగిన జుట్టు.

పై ప్రాణాలు పైనే పోయాయి. నురగ తుడిచి, గుడ్డ విప్పి, ఇక వెళ్ళిరమ్మన్నాడు.

"వెనక అద్దం చూపించవేం?"

"గడ్డానికి వెనక అద్దం ఎందుకురా?"

"ఎప్పుడూ చూపిస్తావుగా."

చూపించక తప్పలేదు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా రోడ్డు వేసినట్టుంది.

"బావా, ఇదేమిటి?"

"పసిఫిక్."

బావమరిది కొక్కేనికి ఉన్న టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "రేపు ఈ ప్రశ్న రాకపోయిందో, మిషను నా చేతికివ్వు. మిగతా సముద్రాలన్నీ నీ తల మీద గీస్తాను," అని బస్సు ఎక్కేశాడు.

మర్నాడు పరీక్ష హాల్లో కాలేజీ పేపరు తిప్పాడు. వెండి ప్రపంచాన్ని ఏయే మార్గాల్లో కలిపిందో వివరించమని మూడో ప్రశ్న. గడ్డం మీది దారి రాశాడు. ఆ తర్వాత చెయ్యి దానంతట అదే తన మెడ వెనక్కి పోయింది. చెవి నుంచి చెవికి ఒకసారి నిమురుకొని, రెండో దారి రాశాడు. రాస్తుంటే నవ్వు ఆగలేదు. కాపలా ఉన్న లెక్చరరు రెండుసార్లు వచ్చి బల్ల కింద చూసి వెళ్ళాడు.

గేటు బయట, ఎర్రటి ఎండలో, బావమరిది టోపీతో నిలబడి ఉన్నాడు. డ్యూటీ మానుకొని మరీ వచ్చాడు.

"ఏమొచ్చింది?"

"నీ మెడే వచ్చింది."

బావమరిది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. హాల్లోంచి పిల్లలు గుంపుగా బయటికి వస్తున్నారు. మూడో ప్రశ్నకి రెండో దారి ఏమిటని ఒకరినొకరు అడుగుతున్నారు. అతను వాళ్ళకి వీపు తిప్పి, తల వంచి నిలబడ్డాడు.

"చెప్పు బావా, వాళ్ళకీ చెప్పు," అన్నాడు.