మా నాయన ఈల

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మా ప్రొద్దుటూరు ఫుట్‌బాల్ క్లబ్బు తాతల కాలం నాటిది. కానీ కొన్నేళ్లుగా దానికి కప్పులు తెస్తున్నది మా ఆడపిల్లల జట్టే. నేను గోల్‌కీపర్‌ని.

జమ్మలమడుగులో పులివెందుల జట్టుతో ఫైనల్. గొర్రెలు మేపే మా నాయన, మందను చిన్నాయనకు అప్పగించి, మొదటిసారి నా ఆట చూడటానికి వచ్చాడు. గోల్‌పోస్టు వెనకే కూర్చున్నాడు. చెరో గోలుతో ఉన్నాం. ఆట ముగియబోతుండగా ఒక పొడుగమ్మాయి బంతితో నా మీదికి వచ్చింది. అప్పుడే నాయన రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు.

మంద ఎవరి చేలోకైనా దిగబోతే ఆయన వేసే ఈల అది. అది వినపడగానే నేను ఎడమ పక్కకు పరిగెత్తి గొర్రెల్ని మలపాలి. చిన్నప్పటి అలవాటు. ఆలోచించేలోపే నా కాళ్లు ఎడమకు పరిగెత్తాయి. బంతి కుడివైపు నుంచి తాపీగా గోల్లోకి వెళ్లింది.

"యాడికి పోతివి మే?" అంది మా కెప్టెన్. గొర్రెల్ని మలపడానికని ఎలా చెప్పను?

ఓడిపోయాం. బస్సులో నాయన నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు బాగా ఆడల్లనే ఈలేస్తి పాపా. ఇంగ రాన్లే" అన్నాడు.

"రా నాయనా. ఈల మాత్రం వద్దు" అన్నాను.

ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ వస్తాడు. బంతి నా వైపు వస్తే తువ్వాలు కొస నోట్లో కుక్కుకుంటాడు. ఆ కొస పీలికలైపోయింది.