శాలువా కప్పాక బయటపడ్డ తప్పు

శుక్రవారం నాడు శాలువా కప్పించుకుని మరీ పరువు పోగొట్టుకున్నానండి. చివరికి గెలిచాననుకోండి, అది వేరే సంగతి!

నందిగామలో డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నా కదా. నా కంప్యూటర్ మోడల్లో వేల కుటుంబాలున్నాయి. ఒకరికి నెల జీతం, ఒకరికి మిర్చి రేటు పడిపోయింది, ఒకరికి కూలి పని దొరకలేదు. ఎవరి సంపాదనని బట్టి వాళ్ళు దాచుకుంటారు. అందరూ దాచింది, వ్యాపారాలకి కావలసిన అప్పుకి సరిగ్గా సరిపోయే వడ్డీ రేటు కనుక్కోవాలి. ఒక రేటు ఊహించి లెక్క వెయ్యడం, కుదరకపోతే మార్చి మళ్ళీ వెయ్యడం. నా రేటేమో నెలల తరబడి ఎక్కువకీ తక్కువకీ ఊగడమే తప్ప ఆగింది లేదు. శుక్రవారం మీటింగ్‌కల్లా తేలకపోతే టాపిక్ మార్చెయ్యమని గైడ్ గారు చెప్పేశారు. అంటే ఇన్నాళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

అలాంటిది ఆ పొద్దున జగ్గయ్యపేటలో మా ఇంట్లో రన్ చేస్తే, టీ చల్లారేలోపు రేటు టక్కున ఆగింది! ఇంక నేనాగుతానా? బస్సులోంచే స్టాఫ్ గ్రూపులో పెట్టేసా. మా కాలేజీలో ఎవరేం సాధించినా శాలువా పడాల్సిందే. నేను వెళ్ళేసరికి మా హెచ్‌ఓడీ గారు రెడీగా ఉన్నారు. కప్పారు, ఫోటోలు తీశారు. గైడ్ గారితో ఆన్‌లైన్ మీటింగ్ కూడా స్టాఫ్‌రూమ్‌లోనే పెట్టుకోమని అందరూ నా వెనకే కూర్చున్నారు.

గైడ్ గారు గ్రాఫ్ చూడగానే అడిగారు.

"ఏమ్మా, నీ మోడల్లో అందరి సంపాదనా ఒక్కటేనా? పేదా గొప్పా లేరా?"

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు టెస్టింగ్ తొందరగా అవుతుందని సంపాదనల్లో తేడాలు తీసేసా. మళ్ళీ పెట్టడం మర్చిపోయా! అందరూ ఒకేలా ఉంటే లెక్క తేలక ఏం చేస్తుంది? వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే. ఒక్క నిమిషం సార్ అని, తేడాలు పెట్టి అక్కడికక్కడే రన్ చేసా. మళ్ళీ అదే ఊగుడు. లెక్క కుదరనప్పుడల్లా రేటుని ఒక్క దూకు దూకిస్తున్నా కదా, ఈసారి కొంచెం కొంచెంగా జరిగేలా ఒక్క లైను మార్చా. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది! గ్రాఫ్‌లో మిర్చి రైతు ఓ చోట, నెలజీతం ఆయన ఓ చోట. స్టాఫ్‌రూమంతా చప్పట్లు. ఆ క్షణంలో నన్ను పట్టడం ఎవరి తరమూ కాదు.

ఇదే టాపిక్, ఇంక రాసెయ్యమన్నారు గైడ్ గారు. అక్కడితో ఊరుకున్నారా? మరి ఇన్ని నెలలూ ఎందుకు ఆగలేదమ్మా అని అడిగారు.

"అన్ని వేల కుటుంబాలూ నిదానంగానే ఉన్నాయి సార్, తొందరంతా నా ఒక్కదానిదే" అన్నా.