నాయిన ఎత్తుకు కట్టిన వంటగట్టు

తెలంగాణ వచ్చిన కొత్తలోనే మా నాయిన రిటైరయ్యాడు. ఆలేరు చుట్టుపక్కల రైలు పట్టాల మీద కీమ్యాన్‌గా పనిచేసిన మనిషి. తన వంతు పట్టా పొడవునా రోజూ నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తెతో కొట్టి బిగించడమే ఆయన కొలువు. కొలువు పోయింది కానీ అలవాటు పోలేదు. పొద్దున్నే చాయ్ తాగి, ఓ చిన్న సుత్తె చేతబట్టుకుని ఇంటి చుట్టూ తిరిగేవాడు. తలుపు బందులు, కిటికీ చువ్వలు, పైకప్పు రేకుల బోల్టులు, నల్లా పైపు, దేన్నీ వదిలేవాడు కాదు. ఏదైనా కదిలితే ఠక్కుమని ఒక దెబ్బ వేసేవాడు.

ఆ చప్పుడుకు అమ్మకు కోపం వచ్చేది.

"ఇల్లేమన్న రైలు పట్టానా? జర వదులైతే ఏమైతది, బోల్త పడ్తదా?"

"పడినంక జూసేటిది చూసుడు గాదే," అనేవాడు నాయిన.

ఇల్లు నడిపేది మాత్రం అమ్మే. మా తాతల కాలంలో మాకు గజం జాగా లేదు. ఇంకొకరి చేన్లలో కూలి చేసి బతికినవాళ్లం. నాయినకు రైల్వేలో కొలువు దొరికాక ఊరి చివర జాగా కొని, ముందు ఒక గది, కొన్నేళ్లకు ఇంకో గది, ఆ తర్వాత వంటిల్లు కట్టారు. ఒక్కో గోడ లేచినప్పుడు అమ్మ ఇటుకలు మోసింది. అందుకే ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో ఆమె మాటే చెల్లేది. వంటింట్లో గట్టు లేదు. గ్యాస్ స్టవ్వును నేల మీదే ఒక బండపై పెట్టుకుని, చెక్కపీట వేసుకుని కూర్చుని వండేది. పప్పుల డబ్బా, కారం డబ్బా, ఉప్పు చిప్ప అన్నీ చేయి చాపితే అందేవి. లేవకుండానే ఇంటిల్లిపాదికీ వండి వడ్డించేది.

ఒక వానకాలం మధ్యాహ్నం, పెరట్లో బోళ్లు తోమే బండ మీద వానకు పట్టిన పాకరకు కాలు జారి అమ్మ పడిపోయింది. నేను అప్పుడు ఆలేరులోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కబురు తెలిసి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నాయిన ఆమెను కదలనివ్వకుండా, తల కింద తువ్వాల పెట్టి, పక్కనే తడిలో కూర్చుని ఉన్నాడు. అమ్మ ఏడవడం లేదు. "కుక్కర్ల పప్పు వెట్టిన, మంట బంద్ చెయ్ బిడ్డా," అంది నన్ను చూసి.

తుంటి ఎముక విరిగింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇక చాలాకాలం కింద కూర్చోవద్దనీ, గొంతుక్కూర్చోవడం అసలే వద్దనీ, మెట్లు ఎక్కించవద్దనీ డాక్టర్ చెప్పాడు. దవాఖాన బయట చాయ్ దుకాణం దగ్గర నాయిన, నేను ముఖాలు చూసుకున్నాం. మా ఇంట్లో అమ్మ చేసే పని ప్రతిదీ నేల మీదే. గుమ్మం ముందు మెట్లు. మరుగుదొడ్డి పెరటి ఆ చివర. ఆమెను ఆ ఇంటికి ఎట్లా తీసుకుపోవాలి?

"మీయమ్మ వచ్చెటాళ్లకు ఇల్లు ఆమెకు తగ్గట్టు సగవెట్టాలె," అన్నాడు నాయిన.

అమ్మ దగ్గర దవాఖానలో మా చిన్నమ్మ ఉండిపోయింది. అమ్మకు స్వయానా చెల్లెలు, మోత్కూరు దిక్కు ఉంటుంది. నేనూ నాయినా ఇంటికొచ్చి పనులు మొదలుపెట్టాం. ఆయన మేస్త్రీని పిలిచి, పడకగదిని ఆనుకుని కుర్చీలాంటి సీటుతో మరుగుదొడ్డి కట్టించాడు. గోడకు పట్టుకునేందుకు ఇనుప పైపు బిగించాడు. గుమ్మం మెట్ల మీద వాలుగా సిమెంటు పోయించాడు. నల్లాను వంటింట్లోకి తెచ్చాడు. చివరికి స్టవ్వు పెట్టుకోవడానికి గోడ పొడవునా నల్లబండతో గట్టు కట్టించాడు. అమ్మ కూర్చునే చోటు పక్కనే నేలలో పాతిన రోలు గట్టుకు అడ్డం వచ్చింది. దాన్ని తవ్వి తీసి పెరట్లో పెట్టారు.

చిన్నమ్మ ఫోన్లో ఒకటే మాట అనేది.

"బావా, అక్కనొక్కపాలి అడుగరాదు? గా వంటింట్ల పని జేసేటిది ఆమెనాయె."

"దవాఖాన్ల పండుకున్న మనిషిని గివన్ని అడిగి సతాయించుడెందుకు? వచ్చినంక సూస్తే ఆమెనే ఖుష్ అయితది," అన్నాడు నాయిన.

నిజానికి ఆ రోజుల్లో నాయినను చూస్తే నాకు ముచ్చటేసేది. రాత్రి మేస్త్రి పోయాక కూడా తడి సిమెంటు మీద గోనెసంచులు పరిచి నీళ్లు చల్లేవాడు. అమ్మ వాకర్ పట్టేలా తలుపు వెడల్పు సరిపోతుందా అని తానే వాకర్ పట్టుకుని నాలుగు కాళ్ల చప్పుడు చేసుకుంటూ ఇల్లంతా నడిచి చూసుకున్నాడు.

అమ్మ వచ్చిన రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చినవాళ్లు ప్రార్థన చేసి వెళ్లాక, అమ్మ వాకర్ మీద మెల్లగా ఒక్కో గది చూసింది. మరుగుదొడ్డి చూసి తలూపింది. ఇనుప పైపు పట్టుకుని ఊపి చూసింది. అది కదలలేదు. నాయిన ముఖం వెలిగింది. తర్వాత వంటింట్లోకి వచ్చింది. రోలు లేని నేల వైపు కాసేపు చూసింది. గట్టు ముందుకు వచ్చి నిలబడింది.

గట్టు ఆమె రొమ్ముల దాకా వచ్చింది.

స్టవ్వు మీద గిన్నె పెడితే అందులో ఏం ఉడుకుతోందో ఆమెకు కనబడదు. మేమెవరమూ ఆ సంగతి ఆలోచించలేదు. మేస్త్రి ఎంత ఎత్తు కట్టాలని అడిగినప్పుడు నాయిన గోడ పక్కన నిలబడి, మోచేయి మడిచి, "గీడికి" అని చూపించాడు. నాయిన ఆరడుగుల మనిషి. అమ్మ ఆయన భుజం కిందికి వస్తుంది.

చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. నాయిన నల్లబండ మీద చేయి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. పాపం, మా అందరి ముందు ఆయన ముఖం మాడిపోయింది. అమ్మ మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. కుర్చీ తెప్పించుకుని వంటింటి తలుపు దగ్గర కూర్చుని, తాపీగా అంది.

"నీ కొల్తకే కట్టిచ్చుకున్నవ్ గదయ్యా. ఇగ నువ్వే వండు."

అందరం అది ఎకసక్కెం అనుకున్నాం. కానీ మర్నాడు చిన్నమ్మ తన ఊళ్లో పత్తి చేను పనులుండి వెళ్లిపోయింది. నేను ఎనిమిదింటికల్లా బడికి పోవాలి. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. నాయిన తువ్వాల భుజాన వేసుకుని గట్టు ముందు నిలబడ్డాడు.

మొదటి రోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. అన్నం అడుగంటింది. పచ్చిపులుసు మాత్రం అద్భుతంగా ఉంది. అడిగితే అమ్మ చెప్పింది. చింతపండు పిసుకుడు నుంచి ఉల్లిగడ్డ తరుగుడు దాకా తాను కుర్చీలోంచి చెబుతుంటే ఆయన చేశాడట.

"ఎసరు వెట్టేటప్పుడు నాకు జర కన్నంటుకున్నది. లేకుంటె అన్నం గూడ మంచిగనే అయ్యేది," అంది, ఆయన్ని వెనకేసుకొస్తూ.

అట్లా కొన్ని నెలలు గడిచాయి. అమ్మ జీవితంలో అంతసేపు ఊరికే కూర్చున్న కాలం అదొక్కటే. నాయిన ఆమె మాటలు అంతసేపు విన్న కాలం కూడా అదే కావచ్చు. పట్టాల మీద పనిచేసిన రోజుల్లో పొద్దున పోయి సాయంత్రం అలసిపోయి వచ్చేవాడు. తిని పడుకునేవాడు. ఇప్పుడు పొద్దంతా ఇద్దరూ ఒకే గదిలో. పోపులో ఆవాలు చిటపటలాడేదాకా ఆగమని ఆమె, ఎంతసేపు ఆగాలని ఆయన. "ఎంతసేపేంది? చెవులు లేవా?" అని ఆమె. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూసి నవ్వేవాళ్లు. నాయిన లెక్కచేయలేదు.

జొన్నరొట్టె దగ్గర మాత్రం ఆయన ఓడిపోయాడు. వేడినీళ్లు పోసి పిండి పిసికేవరకు బాగానే ఉండేది. తట్టడం మొదలుపెడితే అంచులు పగిలేవి. ఎత్తి పెనం మీద వేసేలోపు రెండు ముక్కలయ్యేది. అమ్మ వద్దనేది, అన్నమే వండమనేది. ఆయన వినలేదు. ఆమెకు రాత్రి రొట్టె తినే అలవాటని ఆయనకు తెలుసు.

ఒక సాయంత్రం నేను బడిపిల్లల కాపీలు దిద్దుకుంటుంటే వంటింట్లోంచి చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూశాను. నాయిన రొట్టెల పీటను తెచ్చి అమ్మ కుర్చీ ముందు స్టూలు మీద పెట్టాడు. ఆమె ముందుకు వంగి తడుతోంది. ఆయన పక్కనే నిలబడి ఆమె చేతులనే చూస్తున్నాడు. తట్టిన రొట్టెను రెండు చేతుల మీదికి తీసుకుని, పెనం మీద వేసి, తడిచేత్తో నీళ్లు రాశాడు. రొట్టె పొంగింది. నేను గుమ్మం దాటకుండా వెనక్కి వచ్చాను. ఆ తర్వాత రోజూ అంతే. తట్టేది ఆమె, కాల్చేది ఆయన.

క్రిస్మస్ నాటికి అమ్మ వాకర్ వదిలి కర్ర పట్టుకుంది. సున్నాలు వేయించేటప్పుడు నాయిన మేస్త్రీని మళ్లీ పిలిచాడు. గట్టు మొత్తం పగలగొట్టి అమ్మ ఎత్తుకు కట్టమన్నాడు. ఈసారి అమ్మను గోడ పక్కన నిలబెట్టి, ఆమె మోచేయి దగ్గర బొగ్గుతో గీత గీశాడు.

"అంత వలగ్గొట్టకు," అంది అమ్మ. "నల్లా దిక్కు సగం నాకు దించు. స్టవ్వు దిక్కు సగం గట్లనే ఉండనీ."

"గదేంది? ఒక్క గట్టు రెండు తీర్లుంటే మంచిగుంటదా?" అన్నాడు మేస్త్రి.

"మా ఇంట్ల మనుషులు రెండు తీర్లున్నరు మరి," అంది.

అట్లాగే కట్టాడు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ మెట్టు లాంటి గట్టును చూసి ఎందుకిట్లా అని అడిగేవాళ్లు. నాయిన స్టవ్వు దగ్గర నుంచి కదలకుండానే ఆ కథంతా చెప్పేవాడు. తాను మోచేయి మడిచి చూపించిన ముచ్చటను దాచుకునేవాడు కాదు. ఆ తర్వాత పట్టాల ముచ్చట్లు, రైలు ముచ్చట్లు తగ్గిపోయి వంట ముచ్చట్లు ఎక్కువయ్యాయి. నా పెళ్లయ్యాక నా భర్తకు దగ్గర్లోనే ఉన్న భువనగిరిలో కొలువు కావడంతో మేమూ ఆ ఇంట్లోనే ఉన్నాం. అల్లుడు ఇంట్లో ఉన్నాడని కూడా చూడకుండా నాయిన తువ్వాల భుజాన వేసుకుని టమాట తొక్కు నూరేవాడు. కరోనా తర్వాత ఒక ఎండకాలంలో, పెద్దగా మంచాన పడకుండానే, నాయిన పోయాడు.

నిరుడు రేకులు తీసి స్లాబు వేయించాం. రేకులు తీస్తే వంటిల్లు మొత్తం మార్చాల్సి వచ్చింది. పాత గోడ బరువు మోయదన్నారు. గట్టు కూడా పోతుందని తెలిసి నేను అమ్మ ముఖం చూశాను. ఆమె ఆ నల్లబండను తుడిచి, విరగకుండా తీయమని చెప్పి, పెరట్లో చెట్టు కింద కూర్చోవడానికి వేయించుకుంది. అంతే.

తర్వాత నన్ను ఖాళీ గదిలోకి పిలిచింది.

"ఇగ వండేది నువ్వు, నీ పెనిమిటి. నీకేం గావాలెనో చెప్పు బిడ్డా. ఎత్తొక్కటే గాదు, మంచిగ ఆలోచించుకోని చెప్పు."

నన్నెవరూ అంతవరకూ ఆ మాట అడగలేదు. పైకప్పు లేని ఆ గదిలో కాసేపు అటూ ఇటూ తిరిగాను. పొద్దుటి ఎండ తూర్పు గోడ మీదుగా లోపలికి పడుతోంది.

"గీ దిక్కు కిటికీ గావాలె. పెద్దది," అన్నాను.

అమ్మ తలూపి, బయట ఇసుక జల్లిస్తున్న మేస్త్రీని కేకేసింది.