నా ఇంగ్లీషుకు చచ్చిపోయిన దొరసాని

నా చేతిలో చీమైనా చావలేదని గొప్పలు చెప్పుకుంటూ తిరుగుతాను గాని, నిజానికి ఒక నిండు ప్రాణం తీశాను. అదీ ఒక తెల్లదొరసానిది. అదీ పండుగ ముందురోజు, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. కేసు కాలేదు, జైలు పడలేదు. తొందరపడకండి, అన్నీ వరసగా చెబుతాను. వరసగా చెప్పినా మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు. ఆ రోజు ఏం జరిగిందో నాకే చాలాసేపు అర్థం కాలేదు.

నైజాం రాజ్యం పోయి పదేళ్లు కావస్తున్న రోజులు. మంచిర్యాల నుంచి ఎడ్లబండి మీద పొద్దంతా పోతే వచ్చే ఒక అడవి పల్లెలో, మిషను బడిలో నేను కొత్త పంతులును. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయవలసింది డాక్టరమ్మ. ఆవిడ మిషను ఆసుపత్రి నడిపే తెల్లావిడ, మా బడికీ ఆవిడే పెద్ద. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి మన మాట మనకంటే బాగా మాట్లాడేది. ఉద్యోగం ఖాయం కాకపోతే భైంసాకు వచ్చి మేనమామ పత్తి దుకాణంలో బోరాలు మోయమని బాపు అప్పటికే రెండు ఉత్తరాలు రాశాడు. మేనమామ మంచివాడే. కాని ఆయన పక్కన అరగంట నిలబడితే ఎంతటివాడికైనా బతుకు మీద ఆశ పోతుంది.

నా చదువంతా ఉర్దూలో సాగింది. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి, మూడోసారి పేపరు దిద్దిన మహానుభావుడి పుణ్యాన గట్టెక్కాను. అర్జీలో మాత్రం ‘ఇంగ్లీషు బాగా వచ్చు’ అని రాశాను. అర్జీలో అందరూ రాసేదే కదా, మీరు రాయలేదా?

ఆ ఏడు క్రిస్మస్‌కు డాక్టరమ్మ ఊరివాళ్ల కోసం ఒక సినిమా తెప్పించింది. నవ్వుల సినిమా. రేపు పండుగనగా పెళ్లానికి కానుక కొనడం మరచిపోయిన మొగుడొకడు దుకాణం దుకాణం తిరిగి పడే అవస్థ, అంతే కథ. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

బడి కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేశారు. బయట కరెంటు ఇంజను బడబడ మొదలైంది. రీలు తిప్పడానికి ఆసుపత్రి కంపౌండరు సిద్ధంగా ఉన్నాడు. మాటలు తెలుగులో చెప్పవలసిన పాస్టరు అయ్యగారు మాత్రం చలిజ్వరంతో దుప్పటి ముసుగేశాడు. నేనే చెబుతానని డాక్టరమ్మ లేచిందో లేదో, పక్క ఊళ్లో కాన్పు కష్టమైందని మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ సంచీ అందుకుంటూ నావైపు తిరిగింది.

“సారూ, నీకు ఇంగ్లీషు మంచిగొస్తది గద?”

“ఎందుకు రాదమ్మా!”

“అయితే నువ్వే చెప్పు. అందరికి సమజ్ కావాలె. నీ నౌకరి ముచ్చట నేనొచ్చినంక మాట్లాడుదాం.”

తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నేను డోలు ఒక్కటే కాదు, ఊరు ఊరంతా మెడకు కట్టుకుని తెర పక్కన నిలబడ్డాను.

సినిమా మొదలైంది. ఒక లావుపాటి దొర, ఒక సన్నని దొరసాని. ఆమె గోడ మీది కేలండరు చూపించి ఏదో అంది. దొర నెత్తి కొట్టుకుని, టోపీ పెట్టుకుని బయటికి ఉరికాడు. నాకు సగం ఇంజను చప్పుడు వినిపించింది, మిగతా సగం ఇంగ్లీషు వినిపించింది. రెండూ ఒకేలా ఉన్నాయి. మొగవాడు అంత ఆదరాబాదరాగా ఎందుకు ఉరుకుతాడు? పండుగ సామాను కోసమని నాకెలా తడుతుంది చెప్పండి? మా దగ్గర ఏది కొన్నా సోమవారం అంగడిలోనే. అంగడి తప్పితే మళ్లీ వారం దాకా ఉప్పురాయి కూడా పుట్టదు. రేపటి పండుగకు ఇవాళ కొనవచ్చునన్న సౌకర్యం ఒకటి లోకంలో ఉందనే నాకు తెలియదు.

“దొరసానికి పానం బాగలేదు. మందు కోసం దొర ఉరుకుతుండు,” అన్నాను.

“అయ్యో బిడ్డా!” అంది ముందు వరసలోని ఎల్లవ్వ. ఊళ్లో ఎవరింట చావైనా మొదటి శోకం ఆమెదే. అప్పుడే నాకు బుద్ధి రావలసింది.

దొర బట్టల దుకాణంలో దూరాడు.

“బట్టల దుకాణంల మందేడ దొరుకుతది సారూ?” సంఘపెద్ద కొమురయ్య అడిగాడు.

“దొరుకలే. గందుకే బయటికొచ్చిండు.”

దేవుడి దయవల్ల దొర నిజంగానే బయటికొచ్చాడు. తరవాతి దుకాణంలో ఇంకో లావుపాటి మనిషితో ఒక బొమ్మ కోసం పెనుగులాడాడు.

“గా బొమ్మెందుకు గుంజుకుంటున్రు?”

“దిష్టి తీసెటందుకు.”

“నేననుకుంటనే ఉన్న, దిష్టే తగిలింది!” అంది ఎల్లవ్వ.

ఇంతలో ఎర్రబట్టలు, తెల్లగడ్డం ఉన్న ముసలాయన గంట వాయిస్తూ వచ్చాడు. క్రిస్మస్ తాత మా అడవి దాకా అప్పటికింకా రాలేదు.

“గాయినెవరు సారూ?”

“వైద్యుడు.”

తరవాతి వీధిలో అచ్చం అలాంటివాడే ఇంకొకడు.

“మరి గాయిన?”

“పెద్ద వైద్యుడు.”

మూడోవాడు కూడా వచ్చాడు. కొమురయ్యే తల ఊపాడు. “ముగ్గురు వైద్యులు దిగిన్రంటె రోగం ముదిరినట్టే.”

సరిగ్గా అప్పుడే తెరమీద దొరసాని కనిపించింది, వంటింట్లో పాడుతూ, చిందులేస్తూ.

“గామె మంచిగనే ఉన్నది గద?”

“జరం నెత్తికెక్కింది. గందుకే పాడుతున్నది.”

ఇంతవరకు నా బండి ఎలాగో నడిచింది. చెట్టు దగ్గర ఇరుసు విరిగింది. దొర పచ్చని చెట్టునొకదాన్ని తెచ్చి కారు మీద కట్టాడు. కొమురయ్య దిగ్గున లేచాడు. అడవిలో కట్టె కొట్టి గార్డుకు దొరికిన అనుభవం ఉన్నవాడు. తెరమీద పోలీసు చెయ్యి అడ్డం పెట్టగానే, “ఉరుకు దొరా, గార్డొచ్చిండు!” అని అరిచాడు. “ఉరుకు! ఉరుకు!” అని బడి మొత్తం అందుకుంది.

“గంత కష్టంల చెట్టెందుకు సారూ?” ఎవరో అడిగారు.

నాకు తెలిస్తే కదా! నేను ఇంకో అబద్ధం వెతుక్కునేలోపే ఎల్లవ్వ తేల్చేసింది. “ఇంకెందుకురా, కాటికి కట్టెలు! ఆమె పోయింది!”

“ఆగు ఎల్లవ్వా, ఇంక సావలే...”

“నీకేం ఎరుక సారూ! సూడు, దండలేస్తుండు. సూడు, దీపం పెడుతుండు!”

చూశాను. దొర చెట్టును ఇంట్లో నిలబెట్టి, దండలు వేసి, దీపాలు పెడుతున్నాడు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. అక్కడ చెప్పేవాడే వెర్రివాడు, వినేవాళ్లంతా వేదాంతులు. నిజంగానే పోయిందేమోనని నాకే అనుమానం వచ్చింది. ఎల్లవ్వ రాగం ఎత్తింది, ఆడవాళ్లంతా అందుకున్నారు. తెరమీద దొర నున్నటి నేల మీద జారి వెల్లకిలా పడ్డాడు, మూటలన్నీ నెత్తిన పడ్డాయి.

“దుఃఖానికి పడిపోయిండు!” అని మొగవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, దాచడమెందుకు.

అప్పుడు తలుపు తెరుచుకుని దొరసాని నవ్వుతూ వచ్చి మొగుడిని కౌగిలించుకుంది.

శోకం టక్కున ఆగింది. తరవాత, “దయ్యం!” అన్న కేక. సగం మంది కిటికీల మీద పడ్డారు, గొంగళ్లు ఊడిపోయాయి, ఎండ లోపలికి వచ్చింది. కొమురయ్య బల్ల మీదికెక్కి రెండు చేతులూ ఎత్తాడు. “దయ్యం గాదు! ప్రభువు లేపిండు! సచ్చినామెను లేపిండు!”

“హల్లెలూయ!” అంది మిగిలిన సగం.

సరిగ్గా అప్పుడు వాకిట్లో డాక్టరమ్మ. కాన్పు సుఖంగా అయిందని దారిలోనే కబురందిందట. ఏడ్చేవాళ్లు, స్తోత్రాలు చేసేవాళ్లు, కిటికీలో ఒక కాలు లోపల ఒక కాలు బయట ఉన్నవాళ్లు. “ఏమైందవ్వా?” అని ఎల్లవ్వను అడిగింది. ఎల్లవ్వ ఒక్క ముక్క వదలకుండా కథంతా చెప్పింది. నా కళ్లముందు భైంసా పత్తి బోరాలు వరసగా కనిపించాయి. డాక్టరమ్మ గోడవైపు తిరిగింది, భుజాలు అదురుతున్నాయి. ఈవిడ కూడా ఏడుస్తోందనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వు ఆపుకోలేక మొహం కందిపోయింది. నన్ను పక్కకు పిలిచి అసలు కథ చెప్పింది.

“గంత ఉరుకుడు గందుకేనా అమ్మా?” నిజంగానే అడిగాను.

“సారూ, నీకు ఇంగ్లీషు ఎంతొస్తది? నిజం చెప్పు.”

“ఎస్, నో వరకు వస్తదమ్మా.”

“మరి నేనడిగినప్పుడు గా నో ఎందుకనలే?”

భూమి బద్దలైతే దూరిపోదామనిపించింది. అంత సిగ్గు మళ్లీ జన్మలో పడలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని, “లెక్కలు మంచిగ చెప్తున్నవని విన్న. నౌకరి ఖాయమే. ఇంగ్లీషు గంటకు మాత్రం పిల్లలతోని కూసోని నేర్చుకో,” అంది. సంతోషం పట్టలేక ఆవిడకు ఉర్దూలో శుక్రియా చెప్పాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి ఏడు ఊరంతా పట్టుబట్టి అదే సినిమా మళ్లీ తెప్పించుకున్నారు. ఈసారి అయ్యగారికి జ్వరం రాలేదు. దొర కానుక కొనడానికి ఉరుకుతున్నాడని చక్కగా, పొల్లు పోకుండా చెప్పసాగాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు. చెట్టు వచ్చేసరికి ఎల్లవ్వ ఇక ఓర్చుకోలేకపోయింది.

“అయ్యగారూ, మీకు ఇంగ్లీషు సరింగ రాదు, కూసోండ్రి. మా సారును పిలువుండ్రి, ఆమెను మంచిగ సంపి లేపుతడు!”

ఆ రోజే బడి గడప మీద నిలబడి, తూర్పుకు దండం పెట్టి ఒట్టేసుకున్నాను. రాని భాషలో ఈ జన్మకు ఎవరి పెళ్లాన్నీ చంపను. ఖర్మకాలి చంపినా, ఎల్లవ్వ రాగం ఎత్తేలోపే లేపి కూర్చోబెడతాను.